ఏ కాలు ఖాళీగా ఉంది?

(లైన్ డ్యాన్స్ మొదటిసారి నేర్చుకునేవారి కోసం చేసిన ప్రసంగం, పూర్తి పాఠం)

అందరికీ నమస్కారం.

లైన్ డ్యాన్స్ నేర్చుకుందామని నేను మొదటిసారి వెళ్లిన రోజున చివరి వరుసలో, ఎడమ మూలకు నిలబడ్డాను. అక్కడైతే ఎవరి కంటా పడను, పైగా ముందున్నవాళ్ల కాళ్లు చూస్తూ వాళ్లు వేసిన అడుగే నేనూ వేసేయవచ్చు అన్నది నా ఎత్తుగడ. తాళానికి లెక్కపెట్టే అంకెల్లో పదిహేడో అంకె వరకు ఆ ఎత్తు పారింది. పద్దెనిమిదో అంకెకు గదిలో ఉన్నవాళ్లందరూ ఒక్కసారిగా ఎడమ చేతి వైపుకు తిరిగారు. అంతవరకు నా ముందున్నవాళ్లు కుడి పక్కకు వచ్చారు, కుడి పక్కన ఉన్నవాళ్లు వెనక్కి పోయారు, నా ఎదుట గోడ ఒక్కటే మిగిలింది. ఆ విడత ఎలాగో గడిపేసరికి అందరూ మళ్లీ ఎడమకు తిరిగారు, ఈసారి గది వెనక గోడ వైపుకు. దాంతో చివరి వరుస కాస్తా మొదటి వరుస అయింది. దాక్కోవడానికని ఏరికోరి పట్టుకున్న మూల వరుసగా రెండు గోడలకు నన్ను అందరికన్నా ముందు నిలబెట్టింది. ఆ రెండు విడతల్లో నేనేం చేశానో నాకు సరిగ్గా గుర్తులేదు కానీ, నా వెనక నిలబడినవాళ్లకు మాత్రం తప్పకుండా గుర్తుండి ఉంటుంది. (సభలో నవ్వులు)

ఆ రాత్రి తిరిగి వస్తూ నాకు జ్ఞాపకశక్తి తక్కువని, తాళజ్ఞానం అసలే లేదని తీర్మానించుకున్నాను. తరువాత పట్టు వదలకుండా నేర్చుకుని, కొన్నేళ్లుగా కొత్తవాళ్లకు నేర్పుతూ, ఎన్నో జతల కాళ్లు తడబడడం దగ్గరి నుంచి చూశాక ఆ తీర్మానం తప్పని తెలిసింది. కొత్తవాళ్లు తప్పేది అడుగుల వరుస మరిచిపోయినందువల్ల కాదు, పాట తాళం అందనందువల్ల కూడా కాదు. తమ శరీరం బరువు ఆ క్షణాన ఏ కాలి మీద ఉందో వాళ్లకు తెలియదు, అందువల్ల ఏ కాలు ఖాళీగా ఉందో కూడా తెలియదు. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది కాబట్టి, మధ్యలో ఎవరికైనా కునుకు పట్టినా పెద్దగా నష్టం లేదు.

లైన్ డ్యాన్స్ అంటే ఏమిటో తెలియనివారు కూడా ఇక్కడ ఉండవచ్చు కనుక ముందుగా నాలుగు మాటలు. అందరూ వరుసల్లో ఒకే దిక్కుకు ముఖం పెట్టి నిలబడతారు; జోడీ అక్కర్లేదు, చేతులు పట్టుకోవడం సాధారణంగా ఉండదు, అందరూ ఒకే సమయంలో ఒకే అడుగు వేస్తారు. ఆ అడుగుల క్రమం చిన్నది. అది పూర్తికాగానే మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది, పాట ఆగేదాకా అలా తిరిగి తిరిగి వస్తూనే ఉంటుంది. క్రమంలో ఎన్ని తాళపు దెబ్బలు ఉంటే అది అన్ని కౌంట్ల నృత్యం. ఒక్కో ఆవృత్తి చివర ఏ గోడ వైపుకు తిరుగుతామన్నదాన్ని బట్టి దానికి వాల్ లెక్క వస్తుంది: ఎప్పుడూ ఎదుటి గోడకే చేస్తే ఒక వాల్, ఎదుటి గోడకూ వెనక గోడకూ మారుతూ చేస్తే రెండు, ప్రతిసారీ పావు మలుపు తిరుగుతూ గది చుట్టివస్తే నాలుగు. ఎక్కడైనా ‘32 కౌంట్లు, 4 వాల్స్’ అని రాసి ఉంటే దాని అర్థం ఇదే.

అమెరికా పశువుల కాపరుల టోపీ, బూట్లు, వెడల్పాటి నడుం బెల్టు లేకుండా లైన్ డ్యాన్స్ లేదని చాలామంది అనుకుంటారు. ఆ ముద్ర పడడానికి కారణం ఉంది. 1992లో బిల్లీ రే సైరస్ పాడిన ఒక కంట్రీ పాట (అమెరికా పల్లెబాణీ పాట) అమెరికాను ఊపేసినప్పుడు, దానికోసం మెలనీ గ్రీన్‌వుడ్ కూర్చిన లైన్ డ్యాన్స్ కూడా ఆ పాటతో పాటే దేశాలు దాటింది. అయితే వరుసల్లో నిలబడి ఆడే ఈ పద్ధతి అంతకన్నా చాలా పాతది. 1950ల చివర్లో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో మొదలైన మ్యాడిసన్ నృత్యానికి గానీ, 1970ల డిస్కో హాళ్లలో ఆడిన బస్ స్టాప్ నృత్యానికి గానీ పశువుల కాపరులతో సంబంధం లేదు. ఈ రోజు దక్షిణ కొరియాలోనూ మలేసియాలోనూ ఇండోనేసియాలోనూ పెద్ద సంఖ్యలో లైన్ డ్యాన్స్ చేసేవాళ్లు పాప్ పాటలకూ లాటిన్ పాటలకూ కూడా అడుగులు వేస్తున్నారు. అందుచేత టోపీ మీ ఇష్టం.

మనం ఈ రోజు నేర్చుకునే ఎలక్ట్రిక్ స్లైడ్ కూడా డిస్కో కాలానిదే. రిక్ సిల్వర్ అనే నృత్యదర్శకుడు 1976లో దీన్ని కూర్చాడు. ఆయన కూర్చిన రూపంలో 22 కౌంట్లు ఉన్నాయి. జనం కాళ్ల కింద నలిగి నలిగి అది 18 కౌంట్లకు తగ్గి, ఆ రూపమే లోకమంతా పాకింది. తన నృత్యాన్ని తప్పుగా ఆడుతున్నారన్న బాధతో ఆయన ఇంటర్నెట్‌లోని వీడియోలను తీయించబోవడం, ఆ తగాదా కోర్టుకెక్కడం, లాభాపేక్ష లేకుండా ఎవరైనా ఆడుకోవచ్చునన్న ఒప్పందంతో 2007లో అది ముగియడం దాని చరిత్రలో ఒక ముచ్చట. కూర్చినవాడి పట్ల నాకు గౌరవం ఉంది, అయినా కొత్తవాళ్లకు నేను నేర్పేది జనం చేతిలో తగ్గిన ఆ 18 కౌంట్ల రూపమే, ఎందుకంటే మీరు ఏ వేడుకకు వెళ్లినా మీ పక్కవాళ్లు ఆడేది అదే.

ఇప్పుడు దయచేసి అందరూ లేచి నిలబడండి. పాట ఇంకా పెట్టడం లేదు. రెండు పాదాలూ దగ్గరగా ఉంచి, బరువంతా ఎడమ కాలి మీదికి తెచ్చుకోండి. కుడి మడమ దానంతట అదే కాస్త పైకి లేస్తుంది, ఆ కాలు ఇప్పుడు ఖాళీగా ఉంది. ఆ ఖాళీ కాలితో మీరు రెండే రెండు పనులు చేయగలరు. ఒకటి, దాన్ని ఎక్కడైనా పెట్టి మీ బరువును దాని మీదికి మార్చడం. దీన్ని అడుగు అందాం. రెండోది, దాన్ని నేలకు తాకించి, బరువును మాత్రం మార్చకుండా ఉంచడం. దీన్ని తాకు అందాం, తరగతుల్లో అందరూ దీన్ని టచ్ అంటారు. మీరు ముందు ముందు నేర్చుకునే అడుగులకు ఎన్నెన్ని పేర్లున్నా, వాటి లోపల ఉండేవి ఈ రెండే: బరువు మారడం, మారకపోవడం.

కుడి కాలితో కుడి పక్కకు ఒక అడుగు వేయండి. ఎడమ కాలిని దాని పక్కకు తెచ్చి నేలకు తాకించండి. ఇప్పుడు కదలకుండా, ఆ ఎడమ కాలిని అంగుళం ఎత్తు పైకి ఎత్తండి. ఒళ్లు ఊగకుండా ఎత్తగలిగినవాళ్లు నిజంగానే తాకించారు. ఎత్తడానికి ముందు నడుము కుడివైపుకు జరపాల్సి వచ్చినవాళ్లు తాకించామనుకుని అడుగు వేసేశారు. మూడో వరుసలో ఉన్న పెద్దాయన నవ్వుతున్నారు, ఆయనకు ఇప్పుడే తెలిసింది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పుట్టి నడక నేర్చినప్పటి నుంచి కాలు నేలకు తగలగానే బరువు దాని మీద మోపడమే మన శరీరానికి అలవాటు. తగిలినా మోపకపోవడం అన్నదే ఇక్కడ మనం కొత్తగా నేర్చుకునేది. మిగతాదంతా మీకు వచ్చిన నడకే.

సరే, ఎలక్ట్రిక్ స్లైడ్ మొదలుపెడదాం. ఎడమ కాలి మీద బరువు, కుడి కాలు ఖాళీ. ఒకటికి కుడి కాలు కుడి పక్కకు వేయండి. రెండుకు ఎడమ కాలు కుడి కాలి వెనక నుంచి దాటి పడుతుంది. మూడుకు కుడి కాలు మళ్లీ పక్కకు. నాలుగుకు ఎడమ కాలు పక్కన తాకు. ఈ నాలుగు కౌంట్ల కదలికను గ్రేప్‌వైన్ అంటారు, క్లుప్తంగా వైన్. కాళ్లు ద్రాక్షతీగలా ఒకదాని వెనక ఒకటి అల్లుకుంటూ పోతాయి కాబట్టి ఆ పేరు నప్పింది. ఐదు నుంచి ఎనిమిది వరకు ఇదే పని ఎడమ వైపుకు: ఎడమ పక్కకు, కుడి వెనకగా, ఎడమ పక్కకు, కుడి తాకు.

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే కొత్తవాళ్లలో ఎక్కువమంది ఓడిపోయేది ఈ నాలుగుకూ ఐదుకూ మధ్యనే. నాలుగు దగ్గర ఎడమ కాలిని తాకించి ఆపవలసినవాళ్లు అలవాటు కొద్దీ దాని మీద బరువు మోపేస్తారు. ఐదుకు ఆ ఎడమ కాలే ఎడమ పక్కకు కదలాలి, కానీ శరీరం మొత్తం దాని మీదే కూర్చుని ఉంది, ఇక అది ఎలా కదులుతుంది? అప్పుడు ఆ మనిషి చేసేది నేను కళ్లు మూసుకుని చెప్పగలను: ఒక చిన్న గెంతు గెంతి కాలు మార్చుకుంటాడు, ఆ గెంతుకు సగం కౌంట్ ఖర్చవుతుంది, ఐదు ఆలస్యంగా పడుతుంది, దాన్ని అందుకోవడానికి ఆరు తొందరగా పడుతుంది, ఏడుకు పక్కవాళ్ల వైపు చూస్తాడు, ఎనిమిదికి నాకు లయ లేదండీ అంటాడు. లయ ఉంది. తప్పు ఎనిమిదిలో లేదు, నాలుగులో ఉంది. వాళ్లు ఎనిమిదిని సరిదిద్దుకోవడానికి ఎంత సాధన చేసినా ప్రయోజనం ఉండదు, నాలుగు దగ్గర మడమ నేలకు ఆనకుండా ఉంచితే చాలు. నా విద్యార్థులకు నేనిచ్చే చిట్కా కూడా అంతే: తాకేటప్పుడు మునివేళ్లు మాత్రమే నేలకు తగలనివ్వండి, మడమను గాలిలో ఉంచండి. మడమ ఆనితే బరువు దాని వెంటే వచ్చేస్తుంది.

వైన్‌లో వెనక నుంచి దాటే అడుగు కొందరికి భయం పుట్టిస్తుంది. కాలిని బాగా వెనక్కి విసిరితే తుంటి తిరిగిపోతుంది, తుంటి తిరిగితే ముఖం తిరుగుతుంది, ఇక పక్కకు పోవలసిన మనిషి ఏటవాలుగా పోతాడు. అడుగులు చిన్నవిగా వేయండి. మీ పాదం పొడవును మించి పక్కకు పోనవసరం లేదు. మోకాళ్ల వల్లనో మరే కారణం వల్లనో వెనకగా దాటడం ఇబ్బంది అనిపిస్తే, ఆ రెండో కౌంట్‌లో కాలిని వెనక్కి దాటించకుండా పక్కనే ఆనించి అడుగు వేయండి. ఎవరూ గమనించరు, బరువు లెక్కకూ భంగం రాదు, ఎందుకంటే రెండు పద్ధతుల్లోనూ ఆ కౌంట్‌కు బరువు మారుతుంది. ఇలాంటి సవరణలు చేసుకోవాలంటే కూడా బరువు సంగతి తెలిసి ఉండాలి. తెలిసినవాళ్లు ఏ అడుగునైనా తమ ఒంటికి తగినట్టు తేలిక చేసుకోగలరు, తెలియనివాళ్లు దాన్ని తేలిక చేయబోయి నృత్యాన్నే తెంపేసుకుంటారు.

తొమ్మిది, పది, పదకొండు: కుడి, ఎడమ, కుడి కాళ్లతో మూడడుగులు వెనక్కి నడవండి. పన్నెండుకు ఎడమ కాలు తాకు. పదమూడుకు ఎడమ కాలితో ముందుకు ఒక అడుగు, పద్నాలుగుకు కుడి కాలు దాని వెనక తాకు. ఉత్సాహవంతులు ఇక్కడ ముందుకు వంగి నేలను చేత్తో తాకుతారు, అది మీ నడుము అనుమతిస్తేనే. పదిహేనుకు కుడి కాలితో వెనక్కి ఒక అడుగు, పదహారుకు ఎడమ కాలు ముందు తాకు. పదిహేడుకు ఎడమ కాలితో ముందుకు అడుగు వేసి, పద్దెనిమిదికి ఆ ఎడమ కాలి మీదే ఎడమ చేతి వైపుకు పావు మలుపు తిరుగుతూ కుడి మడమతో నేలను రాసుకుంటూ కాలిని ముందుకు విసరండి. ఈ రాపిడిని స్కఫ్ అంటారు, బరువు విషయంలో ఇది కూడా తాకు లాంటిదే. ఇప్పుడు కుడి కాలు గాలిలో ఖాళీగా ఉంది, మీ ఎదుట కొత్త గోడ ఉంది, ఒకటికి ఆ కుడి కాలే పక్కకు పడాలి. క్రమం దానంతట అదే అతుక్కుంది.

అది అతుక్కోవడం వెనక చిన్న లెక్క ఉంది. 4, 8, 12, 14, 16, 18 కౌంట్లలో బరువు మారదు. మిగిలిన పన్నెండు కౌంట్లలో మారుతుంది. పన్నెండు సరిసంఖ్య కాబట్టే ఎడమ కాలి మీద బరువుతో మొదలుపెట్టిన మనం ఎడమ కాలి మీద బరువుతోనే ముగించాం. మీరు ఎక్కడో ఒక్కచోట తాకుకు బదులు అడుగు వేస్తే ఆ సంఖ్య పదమూడు అవుతుంది, చివరకు తప్పు కాలు చేతికి, అంటే కాలికి వస్తుంది. (సభలో నవ్వులు) అందుకే కొత్త గోడకు తిరిగాక ‘ఇదేంటి, నా కుడి కాలు కదలనంటోంది’ అనిపిస్తే తప్పు ఆ మలుపులో జరిగిందనుకోకండి. అంతకుముందు ఏదో ఒక తాకులో మడమ ఆనించి ఉంటారు.

ఇక లెక్కపెట్టడం సంగతి. ఏ తరగతికి వెళ్లినా ‘ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది’ అని కేకవేసి మొదలుపెడతారు, ఎందుకంటే నాలుగు దెబ్బల తాళంలో సాగే పాటలు సాధారణంగా ఎనిమిదేసి దెబ్బల వాక్యాలుగా నడుస్తాయి. 32 కౌంట్ల నృత్యమైతే నాలుగు ఎనిమిదులు సరిగ్గా ఇమిడిపోతాయి, మీరు లెక్క మరిచినా పాటే చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. ఎలక్ట్రిక్ స్లైడ్ అలా కాదు. పద్దెనిమిదిలో రెండు ఎనిమిదులు పోగా ఇంకో రెండు మిగులుతాయి. అందువల్ల మొదటి ఆవృత్తి పాట వాక్యంలోని ఒకటో దెబ్బకు మొదలైతే, రెండోది మూడో దెబ్బకు, మూడోది ఐదో దెబ్బకు, నాలుగోది ఏడో దెబ్బకు మొదలవుతాయి. నాలుగు గోడలూ పూర్తయ్యేసరికి 72 కౌంట్లు, అంటే సరిగ్గా తొమ్మిది ఎనిమిదులు అవుతాయి, ఐదో ఆవృత్తి ఎదుటి గోడకు మళ్లీ ఒకటో దెబ్బకే పడుతుంది. పాట ఊపు ఒకచోట, మన ఒకటి ఇంకొకచోట పడుతున్నట్టు రెండో మూడో గోడల దగ్గర అనిపించేది ఇందువల్లే. అది మీ తప్పు కాదు, ఆ నృత్యం తయారీయే అంత. నాకు మాత్రం ఎలక్ట్రిక్ స్లైడ్‌లో నచ్చేది ఈ జారుడే. ఒకే అడుగు ప్రతి గోడకూ పాటలో వేరే చోట పడుతుంటే ఒళ్లు దాన్ని కొత్తగా వింటుంది.

అలాంటప్పుడు పద్దెనిమిది వరకు అంకెలు చదవడం వల్ల ఉపయోగం తక్కువ, మన అంకెలతో అయితే మరీ తక్కువ. ‘ఎనిమిది’ అనడానికి నాలుగు అక్షరాలు పలకాలి, ‘పద్దెనిమిది’ అనడానికి ఐదు. ఒక్క దెబ్బలో అది నోట్లో ఇమడక, కాలు నాలుక కోసం ఆగుతుంది. ఇంగ్లీషు అంకెల్లో చదివినా పదమూడు దాటాక అదే అవస్థ. అందుకే నేను అంకెలు మానేసి పనులు పలకమంటాను: ‘పక్క, వెనక, పక్క, తాకు, పక్క, వెనక, పక్క, తాకు, వెనక్కి, వెనక్కి, వెనక్కి, తాకు, ముందు, తాకు, వెనక్కి, తాకు, ముందు, తిరుగు.’ ఇది పైకే పలకండి. మొహమాటపడి లోలోపల అనుకునేవాళ్ల కన్నా పైకి పలికేవాళ్లకు త్వరగా వస్తుందని నా అనుభవం. చూశారా, ఆరు తునకల్లో ఐదు ‘తాకు’తోనే ముగుస్తున్నాయి; ఆ మాట నోట్లో పడినప్పుడల్లా మడమ గాలిలో ఉందో లేదో చూసుకోండి.

మలుపు గురించి రెండు జాగ్రత్తలు చెప్పాలి. పాదం మొత్తం నేలకు అదిమిపెట్టి తిరిగితే పాదం అక్కడే ఉండి శరీరం తిరుగుతుంది, మధ్యలో మెలిపడేది మోకాలు. తిరిగేటప్పుడు మడమను కొంచెం తేల్చి అరికాలి ముందుభాగం మీద తిరగండి. పరుగుకు వాడే రబ్బరు అడుగున్న బూట్లు నేలను పట్టుకుని వదలవు, అవి ఈ పనికి మంచివి కావు; తోలు అడుగుతో గానీ, నున్నటి అడుగుతో గానీ ఉండి పాదాన్ని గట్టిగా పట్టి ఉంచే చెప్పులో బూట్లో ఉంటే మేలు. మడమ జారిపోయే చెప్పులతో మాత్రం రావద్దు. తివాచీ మీద సాధన చేసేవాళ్లు తిరగడానికి ప్రయత్నించకుండా పావు మలుపును రెండు చిన్న అడుగులుగా విడగొట్టి నడిచేయండి, ఆ తరువాత చెక్క నేల మీదికి వచ్చినప్పుడు కలిపేయవచ్చు.

రెండో జాగ్రత్త దిక్కుకు సంబంధించినది. ఈ నృత్యాలు రాసేవాళ్లు దిక్కులను గడియారం అంకెలతో చెబుతారు: ఎదుటి గోడ 12, కుడి గోడ 3, వెనక గోడ 6, ఎడమ గోడ 9. ఎలక్ట్రిక్ స్లైడ్‌లో మనం ఎడమకు తిరుగుతాం కాబట్టి 12 తరువాత 9, తరువాత 6, తరువాత 3, మళ్లీ 12. మొదలుపెట్టే ముందే నాలుగు గోడల మీదా ఏదో ఒక గుర్తు చూసి పెట్టుకోండి, గడియారమో కిటికీయో తలుపో. తిరిగాక కళ్లు ఆ గుర్తు మీద నిలిస్తే తల తిరిగినట్టు ఉండదు, పావుకు బదులు సగం తిరిగి పక్కవాళ్ల ముఖంలో ముఖం పెట్టే ప్రమాదమూ తప్పుతుంది.

నేర్పేవాళ్లు మీకు వీపు చూపించి ఎందుకు నిలబడతారో కూడా ఇక్కడే చెప్పాలి. ఎదురుగా నిలబడి కుడి కాలు వేస్తే అది మీకు ఎడమ వైపున కనిపిస్తుంది, కొత్తవాళ్ల బుర్రకు ఆ తిరగేసే పని అదనపు బరువు. వీపు చూపిస్తే వాళ్ల కుడి మీ కుడే అవుతుంది. అది అమర్యాద కాదు.

పాట వేగం మాటకొస్తే, నిమిషానికి 120 దెబ్బల పాటకు ఈ 18 కౌంట్లు తొమ్మిది సెకన్లలో అయిపోతాయి. మూడు నిమిషాల పాటలో మీరు ఈ క్రమాన్ని ఇరవై సార్లు చేస్తారు, అంటే గదిని ఐదు సార్లు చుట్టివస్తారు. అందుకే మొదటి నాలుగైదు ఆవృత్తులు తప్పిపోయినా దిగులు పడకండి, ఇంకా పదిహేను మిగిలే ఉంటాయి. ముందు పాట లేకుండా, మీకు తోచినంత నెమ్మదిగా, మాటలు పలుకుతూ చేయండి. తరువాత నిమిషానికి 100 దెబ్బల చుట్టుపక్కల ఉన్న పాట పెట్టుకోండి. మరీ నెమ్మదైన పాట తేలిక అనుకుంటారు గానీ, ఒంటి కాలి మీద ఎక్కువసేపు నిలవాల్సి వస్తుంది కాబట్టి అది కొత్తవాళ్లకు మరింత కష్టం.

మధ్యలో దారి తప్పితే ఏం చేయాలి? ఆగిపోవద్దు, వరుసలోంచి బయటికి పోవద్దు. వెనకవాళ్లు మిమ్మల్ని గుద్దుకుంటారు. ఉన్నచోటే నిలబడి మోకాళ్లతో తాళం వేస్తూ, అందరూ వెనక్కి నడిచే తొమ్మిదో కౌంట్ కోసం కాచుకోండి. గది మొత్తం ఒకేసారి మూడడుగులు వెనక్కి జరిగే చోటు అది ఒక్కటే, గుర్తుపట్టలేకపోవడం అసాధ్యం. కాచుకునేటప్పుడు బరువు ఎడమ కాలి మీద ఉంచుకుంటే కుడి కాలు సిద్ధంగా ఉంటుంది, వాళ్లతో పాటే కలిసిపోవచ్చు. ఎవరికైనా అడుగు తప్పితే నవ్వేవాళ్లు ఈ గదుల్లో అరుదు. తమ అడుగు తాము చూసుకోవడానికే అందరికీ తీరిక సరిపోదు.

పాటే అడుగులు చెప్పే నృత్యాలు కూడా ఉన్నాయి, 2007లో వచ్చిన క్యూపిడ్ షఫుల్ లాంటివి: ఎనిమిది కౌంట్లు కుడికి, ఎనిమిది ఎడమకు, ఎనిమిది కౌంట్లు కాళ్లు విసరడం, ఎనిమిది కౌంట్లు నడుస్తూ పావు మలుపు. పెళ్లిళ్లలోనూ విందుల్లోనూ అది అందరినీ లేపుతుంది. సరదాకు దానికి సాటి లేదు గానీ, నేర్చుకోవడానికి దాన్ని మొదటి మెట్టుగా నేను ఎంచుకోను, ఎందుకంటే గాయకుడు చెబుతుంటే విని చేసేవాళ్లు తమ కాళ్ల మాట వినడం వాయిదా వేస్తారు. అందులోనూ మన విషయం దాక్కునే ఉంది: కుడికి పోయే ఎనిమిదో కౌంట్‌లో ఎడమ కాలిని తాకించి ఆపితేనే తొమ్మిదికి ఎడమకు బయలుదేరగలరు. అక్కడ గదిలో సగంమంది చేసే చిన్న గెంతు ఈసారి మీకు కనిపిస్తుంది.

ఎలక్ట్రిక్ స్లైడ్ వచ్చేశాక రెండోది ఏది అని అడుగుతారు. స్టెప్ షీట్ అని ఒక కాగితం ఉంటుంది, అందులో నృత్యం మొత్తం ఎనిమిదేసి కౌంట్ల ముక్కలుగా రాసి ఉంటుంది. పైన కౌంట్లు, వాల్స్, స్థాయి ఉంటాయి. వాటితో పాటు రీస్టార్ట్ అనో ట్యాగ్ అనో ఉందేమో చూడండి. క్రమాన్ని మధ్యలో ఆపి మొదటికి రావడం రీస్టార్ట్, పాట కోసం కొన్ని కౌంట్లు అదనంగా అతికించడం ట్యాగ్. ఈ రెండూ లేని 32 కౌంట్ల బిగినర్ నృత్యం, ఒకటో రెండో వాల్స్‌ది, మీ రెండో నృత్యంగా బాగుంటుంది. అందులో షఫుల్ తగులుతుంది: రెండు దెబ్బల్లో మూడడుగులు, కుడి–ఎడమ–కుడి. అంకెలు చూసి దాన్ని ఆడబోతే కాళ్లు చిక్కుపడతాయి. బరువు మూడుసార్లు మారిందనీ, కుడి కాలితో మొదలుపెట్టి కుడి కాలి మీదే ఆగాననీ, కాబట్టి ఇప్పుడు ఖాళీగా ఉన్నది ఎడమదనీ తెలిస్తే తరువాతి అడుగు వెతుక్కోనవసరం లేదు. రాక్ స్టెప్, కోస్టర్ స్టెప్, జాజ్ బాక్స్ అనే అడుగుల వరుసలన్నీ ఇలాగే విప్పుకోవచ్చు, వాటి జోలికి ఈ రోజు పోను.

ఇప్పుడు పాట పెడతాను. మొదట్లో పాట లేని వాయిద్యం పదహారు కౌంట్లు వస్తుంది, అంతసేపూ మోకాళ్లతో తాళం వేస్తూ నిలబడండి, గొంతు వినగానే కుడి కాలు. అందరూ ఎడమ కాలి మీద ఉన్నారా? కుడి మడమలు గాలిలోకి లేచాయా? మొదటి వరుసలో ఇద్దరివి ఇంకా నేల మీదే ఉన్నాయి. ఈ నృత్యం ఇదివరకే నేర్చుకున్నవాళ్లు గది నాలుగు అంచులకూ సర్దుకోండి, ఎటు తిరిగినా కొత్తవాళ్ల ముందు ఒకరు ఉండాలి. అక్కడ చివరి వరుసలో ఎడమ మూలకు నిలబడినావిడా, మీరు అక్కడ వద్దమ్మా, మధ్యలోకి వచ్చేయండి. ఆ మూల నాకు బాగా తెలుసు. (సభలో నవ్వులు, పాట మొదలైంది)